దబ్బనం

మిషను ఆఫీసు పంపిన కాగితంలో
పంతొమ్మిది వస్తువులున్నాయి.
నూలు చీరలు నాలుగు, ముదురు రంగులు వద్దు.
దోమతెర. టార్చి. తెల్ల గొడుగు.
ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు ముప్పై.
ఇరవయ్యోది ఎవరో పెన్సిలుతో రాశారు:
ఓపిక.
అదొక్కటీ తప్ప అన్నీ
విజయనగరం గంటస్తంభం దగ్గర దొరికాయి.

రోహిణి కార్తె ఇంకా రానేలేదు,
నెల్లిమర్లలోనే తారు చెప్పుకి అంటుకుంటోంది.
నేను వెళ్ళేది టిట్లాగఢ్‌కి అవతల.
అక్కడ మే నెలలో బావులు కూడా
నోరు తెరుచుకుని పడుకుంటాయంటుంది
పదకొండేళ్ళు ఆ ఊళ్ళల్లో సేవ చేసొచ్చిన సలోమీ అత్త.
"ఎండతోటి దెబ్బలాడకే గుంటా,
దానికి దారిచ్చీసి గోడవార్నుంచి నడు.
పెసంగాలు సందేలకి. పొద్దుట నీళ్ళు మొయ్యి."
ఉల్లిపాయ కొంగున ముడేసుకోమంది.
రెండు కిలోల చోడిపిండి తెచ్చి పెట్టింది.
పెట్టెలోంచి నా పౌడరు డబ్బా తీసి
ఏమీ అనకుండా కిటికీలో పెట్టేసింది.

రాత్రుళ్ళు ఒడియా వాచకం.
ప్రతి అక్షరం నెత్తినా గుండ్రటి గొడుగు.
ఎండ దేశం కదా, అక్షరాలక్కూడా తప్పదు కాబోలు.
మన తలకట్టు వాటి ముందు చేతిరుమాలు.
నేర్చుకున్న మొదటి మాట: పాణి.
మనకి చెయ్యి, వాళ్ళకి నీళ్ళు,
తికమకపడకమ్మా అన్నారు బెహరా మాస్టారు.
పడ్డాను.

నాన్న నా గదిలోకి రావడం మానేసి నెల.
ఇరవై ఎనిమిదేళ్ళు జూటుమిల్లులో చేశాడు,
ఒక్క ఆదివారమూ గుడి మెట్టెక్కలేదు.
"మీ దేవుడికి నైటు షిఫ్టు లేదేటి?" అని
అమ్మ బతికున్నప్పుడు ఆమెని ఏడిపించేవాడు.
నేను వెళతానన్నప్పుడు మాత్రం
"నర్సు సదివించింది ఇందుకేటి" అన్నాడు.
ఆ తర్వాత మా మాటలకి లాకౌటు.
గంజి గ్లాసు గడప మీద పెట్టి వెళ్ళేవాడు,
నేను తాగి గ్లాసు అక్కడే పెట్టేదాన్ని.

పాతసామాన్ల కొట్లో కాటా మీద
పెట్టె ఇరవై మూడున్నర కిలోలు తూగింది.
ఇరవై దాటకూడదని కాగితం.
వాక్యవివరణ గ్రంథాలు రెండూ తీసేశాను, అట్టలే బరువు.
చోడిపిండి ఉంచాను.
పాస్టరుగారికి చెప్పలేదు.

శుక్రవారం రాత్రి దాహమేసి లేస్తే
వసారాలో లైటు.
నాన్న ఒళ్ళో గోనెముక్క, చేతిలో దబ్బనం.
నా స్టీలు సీసాకి తొడుగు కుడుతున్నాడు.
కళ్ళజోడు పెట్టుకోలేదు,
వేలే ముందు వెళ్ళి చూసొస్తోంది,
సూది దాని వెనక.
బస్తా మూతికేసే మిల్లు కుట్టు,
ఎక్కడా ఎడం తప్పదు.
పురికొస పంటితో తెంపి,
నా వైపు చూడకుండానే చెప్పాడు:
"తడిపి గాలికి ఏలాడగట్టు.
రైలు కిటికీకైనా సరే.
దేవుడు సల్లబరుత్తాడో లేదో నాకు తెల్దు,
గోనె సల్లబరుత్తాది."

తెల్లారి చూస్తే మేకుకి వేలాడుతోంది.
కింద సిమెంటు మీద అరచెయ్యంత తడి.
మూత తిప్పి తాగాను.
చల్లగానే ఉంది,
షిఫ్టు దిగొచ్చిన చొక్కా వాసన.
పాణి, అన్నాను పైకే.
ఏ భాషలో అన్నానో నాకే తెలీలేదు.

పెట్టెకి అడ్డంగా తాడు బిగించి
ఒంటిచేత్తో లేపి చూసి
"ఇరవై ఒకటుంటాది" అన్నాడు నాన్న.
"మోసుకుంటావులే."