గాలి లెక్క

బల్లార్షాల ఏప్రిల్ సగానికే
కాకులు నోళ్ళు తెరుచుకొని కూసుంటయి.
పొద్దుగూకినంక గూడ నల్లా నీళ్ళు
చాయకు పెట్టినట్టే వస్తయి.

కంపెనీ క్వార్టర్ల ఉన్నన్ని దినాలు
కరెంటుకు లెక్కుంటదని నాకు తెల్వదు.
ఓదెలు రిటైరయి, పేపర్ మిల్లు దిక్కు రెండర్రల ఇల్లు కట్టినంక
గోడకు మీటరు బిగించిండ్రు.
అది మా ఇంట్ల ఐదో మనిషి.
తినేది కనబడదు. బిల్లే కనబడతది.

పోయినేడు మే నెలది సమత చదివి చెప్పింది:
"మూడొందల యూనిట్లు దాటితే స్లాబు మారుతది, నాయినా."
నెత్తి మీద ఒక స్లాబు, కాయితంల ఒక స్లాబు.
రెండూ కాలేటివే.
అత్త పోశవ్వ మంచంల కెళ్ళి అడిగింది:
"బతుకంత బొగ్గుబాయికి పెడితివి,
ఆ బొగ్గు కరెంటుకు మళ్ళ పైసలు గూడ నువ్వే కట్టాల్నారా?"
చాయల బిస్కెట్ మునిగిపోయిందాక
ఆయన దాన్నే చూసిండు.

బాయిల ఆయన బొగ్గు కొట్టలే.
ముప్పై ఒక్క ఏండ్లు గాలిని నడిపించిండు.
లోపటికి గాలి ఊరికే రాదట.
గుడ్డ అడ్డం కట్టి, సందులకు మట్టి మెత్తి,
జంట తలుపులు పెట్టి
(ఒకటి మూసినంకనే ఇంకోటి తెరవాలె)
లేగదూడను తోలినట్టు తోలాలె.
నడుమ ఎక్కడన్న కారిపోతే
ఆఖరుకు పనిచేసే మనిషి కాడికి ఏమి చేరదు.

ఈ యేడు హోలీ తెల్లారి
ఊదుబత్తి ముట్టిచ్చి ఏసీ అర్రంత తిరిగిండు.
పూజ గాదు.
పొగ ఎటు వంగితే అటు సందు.
కిటికీ మూలకు వంగింది, స్విచ్చుబోర్డు కాడ వంగింది,
తలుపు కాడ నేలకు పండుకున్నది.
సందులకు పుట్టీ, గడప కింద నా పాత నూలు చీర చుట్ట,
పైకెక్కి స్లాబుకు రెండుసార్లు సున్నం.
పడమటి కిటికీకి బయట గోనెపట్ట.
"ఎండ అద్దం దాటినంక పరదా ఏం చేస్తదే?"

సమత పద్దెనిమిది నొక్కబోతే రిమోట్ గుంజుకున్నడు.
"అంకె తగ్గిస్తే మిషను ఉరకదు బిడ్డా,
ఆగుడు మరుస్తది."
ఇరవై ఆరు. మీద ఫ్యాను చిన్నగ.
వారం విడిచి వారం జాలీ విప్పి కడుగుడు.
నడవల ఇంకో తలుపు, అదే బాయి కానూను.
నడిరాత్రి లేచిన పోశవ్వ
రెండు తలుపుల నడుమ నిలబడి
"పాసు చూపియ్యాల్నా సర్కారూ?" అన్నది.

నలుగురం ఒక్క అర్రలనే.
పెండ్లయిన కొత్తల గూడ ఇంత దగ్గర పండుకోలే మేము.
ఏప్రిల్ బిల్లు రెండొందల డెబ్బై ఒకటి.
ఆయన దాన్ని దేవుని పటం పక్కన గాదు,
మీటరు పక్కననే మేకుకు గుచ్చిండు.

మే నెల ఓ రాత్రి గోడలు సుత పడిశం పట్టినోని ఒళ్ళోలె కాలుతున్నయి.
పక్కింటి రజనీతాయి తలుపు కొట్టింది.
"దాదా, దార్ ఉఘడా."
వాళ్ళ కూలరు మోటరు మాడిపోయిందట.
వైశాలి కాన్పుకొచ్చి పందొమ్మిది దినాలు,
చేతుల పసిది, ఏడ్వనీకి గూడ ఓపిక లేదు.

ఓదెలు
రెండు తలుపులూ ఒక్కసారే తెరిచిండు.

సల్లదనమంత వాకిట్లకు పోయింది.
నేను చూసిన. ఆయన చూడలే.
వైశాలికి నా జాగ ఇచ్చి
నేను నడవల ఒరిగిన, తడి తువ్వాల కప్పుకొని.
ఆరు రాత్రులు అట్లనే.
కొత్త మోటరొచ్చేదాక
మా అర్రల పాల వాసన, పోశవ్వ గురక, మరాఠీ జోల.

జూన్‌ల బిల్లొచ్చింది. మూడొందల పద్నాలుగు.
సమత మెల్లగ అన్నది: "దాటింది, నాయినా."
ఆయన కాయితం మడిచి,
మల్ల విప్పి, అంకె మీద గోరు పెట్టి గీకిండు.
"ఈసారి కారిపోలే," అన్నడు.
"మనిషి కాడికి చేరింది."

స్టూలేసుకొని జాలీ విప్పి
నల్లా కింద పట్టిండు.
నీళ్ళు ఇంక మసులుతనే ఉన్నయి.