గొట్టంలో మొగ

పాటు తీసిన వేళ మొగ దగ్గర
నా నావ మీదికి మొదటిసారి
చేప అడగని మనిషి ఎక్కింది.
మధుస్మిత. బరంపురం నుంచి వచ్చింది.
చేతిలో తెల్ల పీవీసీ గొట్టం, చెక్క సుత్తి,
మా ఐస్ ఫ్యాక్టరీదే ఒక దిమ్మ.
"నొళియా భాయి, అడుసు కావాలి" అంది,
రోజుకు ఏడొందలు.
అడుసు కొనేవాళ్ళుంటారని తెలిస్తే
మా పేటంతా ఎప్పుడో మేడలు లేచేవి.

గొట్టం దిగింది. మూత బిగించి లాగితే
పసిపిల్ల నోట్లోంచి రొమ్ము జారిన చప్పుడు.
వాసన మాత్రం మురిగిన కోడిగుడ్డు.

నావలో పడుకోబెట్టి
రెండేసి సెంటీమీటర్ల చొప్పున కోసింది.
పైన వేలెడు మందం బెల్లం రంగు,
కిందంతా మూకుడు అడుగు నలుపు.
"ఇది నీ పెళ్ళినాటి మట్టి" అంది ఒక ముక్క చూపించి.
"ఇదిగో, ఇది పట్నం మురుగుకాలువ
ఈ ఏటికి తిరిగిన సంవత్సరం."
ఆ సంవత్సరం నాకు గుర్తే.
దిగితే కాళ్ళకు నురగ అంటుకునేది.
మడవలు ఎగరడం మానేసి తేలేవి.

ఒడియాలో పారద అంది. పాదరసం.
ఆసుపత్రిలో జ్వరం గొట్టం పగిలినప్పుడు చూశాను:
కాళ్ళు లేవు, పేరులోనే పాదం,
వేలుతో నొక్కితే ఒకటి ఏడయింది,
తోస్తే ఏడూ ఒకటయ్యాయి.
మట్టిలో అలా మెరవదట.
ఎక్కడో కాలిన బొగ్గులోంచి,
ఎవరో పారేసిన ట్యూబులైట్లలోంచి వచ్చి
గంధకం పక్కన నిద్రపోతుందట.

లేపేవి పురుగులు.
కంటికి ఆననివి, గాలి అక్కర్లేనివి.
మన దొడ్లు కడిగిన నీళ్ళు,
మాంసం కొట్లు కడిగిన నీళ్ళు
వాటికి పెళ్ళి భోజనం.
ఆ విందులో అడుసుకున్న ఊపిరంతా అయిపోతే
ఉప్పులోంచే ఊపిరి లాక్కుంటాయట.
పనిలో పనిగా
పాదరసానికి చిన్న తోక కడతాయట.
తోక వచ్చాక అది ఈదుతుంది.
అడుసులోంచి నత్తలోకి,
నత్తలోంచి జెల్లలోకి,
జెల్లలోంచి

అక్కడ ఆగింది ఆమె.
నావ కొసన మా ఆవిడ కట్టిచ్చిన సద్ది.
జెల్ల పులుసు.
"తింటావా దీదీ?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.
తింది.
"ఒక్కపూటకి ఏం కాదు" అంది ముల్లు తీస్తూ.
పూటలు లెక్కపెట్టుకుని తిన్నామా మేం?

అన్ని పురుగులూ ఒకటి కావంట.
ఆ నలుపులోనే ఇంకొన్ని
తోక కొరికేసి, పాదరసాన్ని ఆవిరి చేసి
పైకి ఊదేస్తాయట.
ఏ మూక గెలుస్తుందన్నది
కాలువ మోసుకొచ్చేదాన్ని బట్టట.
మా సంఘం ఎన్నికలు గుర్తొచ్చాయి,
ఎవరు విందు పెడితే వాళ్ళవైపు.

ముక్కల్ని సంచుల్లో కట్టి
ఒక్కోదాని మీద తేదీ, లోతు రాసింది,
ఏమనుకుందో, నా నావ పేరు కూడా: గంగమ్మ.
ఫలితం ఆరునెలలకంట.
పెట్టె ఒడ్డుకు మోశాను.
మంచి వేటనాటి బరువే ఉంది.

పోటు వచ్చింది.
గొట్టం తీసినచోట పిడికెడు గుంట,
మూడు బుడగలు పైకొచ్చి పగిలాయి,
నా పెళ్ళినాటి మట్టి మీద
ఈ పొద్దుటి మురుగు సర్దుకుంది.

ఇంటికెళ్ళి చేతులు కడుక్కున్నాను,
గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా, సబ్బుతో, మూడుసార్లు.
ఆ నీళ్ళు కూడా ఏటికే పోయాయి.