తీపి ఊపిరి

"రెండు దినాలాయ మేడం, లేయలా."
ఫోనులో మొగిలప్ప గొంతు వెనక
సంఘం అప్పు వినిపించింది,
పక్కింటి మాట కూడా వినిపించింది:
"కోసేయ్ మామా, కూరన్నా మిగులుతాది."

బంగారుపాళెం దాటినాక దారికి రెండు పక్కలా
తోతాపురి కాయలు.
కిలో మూడు రూపాయలకీ కొనే దిక్కులేక
ట్రాక్టర్లు కుమ్మరించిపోయినవి.
జ్యూస్ ఫ్యాక్టరీ గాలి
నా స్కూటర్ వెనక సీట్లో కూర్చుని వచ్చింది.

కానుగ నీడలో గొర్రె,
తల డొక్కలోకి తిప్పుకుని,
పిలిస్తే వినపడనంత దూరంలో.
కాలు విరగలేదు. గిట్టల సందున పుండు లేదు.
నాలుక నీలం కాలేదు. జ్వరం లేదు.
కనురెప్ప లోపల ఎరుపు ఎరుపుగానే ఉంది.
లేనివాటిని లెక్కపెట్టడమే
మా పనిలో సగం.

మూతి దగ్గర ముక్కు పెట్టా.
మాగిన పండు వాసన.
ఊపిరిదా, రోడ్డుదా?
ఈ నెలలో, ఈ నేల మీద
నా ముక్కుని నేనే నమ్మను.

"ఉచ్చ కావాల మొగిలప్పా."
ఆయన నవ్వలేదు. రెండు వేళ్లతో
దాని ముక్కుపుటాలు మూసిపట్టాడు.
పదిహేడు లెక్కపెట్టేసరికి
బెదిరి తడిపింది, గిన్నెనీ, నా చేతినీ.
ఆ ఉపాయం నాకు కాలేజీ చెప్పింది.
ఆయనకెవరు చెప్పారో అడగలేదు.

తెల్లటి పొడి మీద రెండు చుక్కలు.
వంకాయ రంగు విచ్చుకుంది.

కడుపులో కవలలు. మేత చాలక
ఒంట్లోని కొవ్వునే పొయ్యిలో పెడుతోంది తల్లి.
ఆ పొగే ఈ తీపి.
"ఆకలికి ఇంత మంచి వాసనా!"
అంది కుప్పమ్మ, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

కాల్షియం సీసాని చంకలో వెచ్చబెట్టి
మెడ నరంలోకి, నిదానంగా.
ఒక చెయ్యి గుండె మీద.
అది తడబడితే ఆగాలి,
కుదురుకుంటే కదలాలి.
తర్వాత గ్లూకోజు. ఆ తర్వాత కుప్పమ్మ బెల్లం నీళ్లు,
గుక్కకో తిట్టు కలిపి.
పక్కకి ఒరగకుండా చెరో డొక్కకీ ఇసక మూట.
"రెండు గంటలకోసారి పక్క మార్చాల. రాత్రి గూడా."

ఇంకో సూది మిగిలింది.
వేస్తే పిల్లలు నెల నిండకుండానే పడతాయి.
తల్లి దక్కొచ్చు. అవి దక్కకపోవచ్చు.
మొగిలప్ప రోడ్డు మీది కాయల్ని
చాలాసేపు చూశాడు.
"వెయ్యి" అన్నాడు, నన్ను చూడకుండా.

మూడో పొద్దు ఫోను.
"లేచిందా?"
"ఎనక కాళ్లు లేపింది మేడం.
ముందరివి ఇంకా మోకాళ్ల మీదనే ఉండాయి.
అట్లనే అవిశాకు తింటా ఉంది."
"పిల్లలు?"
కాసేపు ఏమీ లేదు.
"ఒకటి" అన్నాడు.

బండి పక్కకి ఆపా.
ఫోను దాని మూతి దగ్గర పెట్టినట్టున్నాడు,
ఆకు నమిలే చప్పుడు
బ్యాలెన్స్ అయిపోయేదాకా విన్నా.