శనివారం కొలువు

మా వీధిలో శనివారం తొమ్మిదింటికి
గరాజ్ తలుపులు ఒకదాని వెంట ఒకటి పైకి లేస్తాయి
తెర తీసినట్టు.
టూవూంబా కొండ మీద పొగమంచు ఇంకా విడదు.
మగవాళ్ళు కాఫీ కప్పులతో బయటికొచ్చి
ఎవరి కొలువు ముందు వాళ్ళు నిలబడతారు.

చిన్నప్పుడు పేరంటానికి వెళ్తే
మెట్ల మీద బొమ్మలన్నీ తేరిపార చూసి
"ఈ ఏడు కొత్తదేదండీ?" అని అడగడం మర్యాద.
ఇక్కడ పసుపూ కుంకాలూ లేవు,
కొంగులో పోసే శనగలు లేవు,
ప్రశ్న మాత్రం అదే.

గ్లెన్‌ది ఈసారి గుడారం.
కారు నెత్తిన కూర్చునే రకం,
నిమిషంన్నరలో విచ్చుకుంటుందట.
ఫోన్లో టైమ్ పెట్టి మరీ విప్పాడు.
మూడు నిమిషాల పది సెకన్లు.
గాలి ఎదురొచ్చిందన్నాడు.
ఆకు కదల్లేదు.

డారెల్ దగ్గర గేలపు కర్రలు పదకొండు.
సముద్రం ఇక్కడికి రెండు గంటల దూరం.
ఒక్కో కర్రా చేతికిచ్చి ఒక్కో చేప పేరు చెబుతాడు,
పట్టినవి కావు,
పట్టబోయేవి.

ఇక మా ఆయన.
కామేశ్వర్ కొన్నది పొగపొయ్యి.
రైలింజన్‌కి పుట్టిన పిల్లలా ఉంటుంది,
నల్లగా, పక్కన గొట్టంతో.
నలుగురు పట్టి దింపారు.
ధర నాకు చెప్పింది ఒకటి, గ్లెన్‌కి చెప్పింది ఒకటి.
నాకు తగ్గించి, అతనికి పెంచి.
అసలుది ఆ రెంటి మధ్యా ఎక్కడో
క్రెడిట్ కార్డు బిల్లులో తల దాచుకుంది.

కట్టెలే మూడు రకాలు తెప్పించాడు.
ఐరన్‌బార్క్, ఆపిల్, చెర్రీ.
అత్తరు సాయిబులా ఒక్కొక్కటీ నా ముక్కు దగ్గర పెట్టి
"తేడా తెలుస్తోందా?" అంటాడు.
లోపలి వేడిని ఫోనుకి చేరవేసే సూదులు నాలుగు.
మోచేతుల దాకా తోలు తొడుగులు.
అన్నీ ఉన్నాయి.
పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని మనిషి.

తొలిరోజు వీధంతా చుట్టూ చేరింది.
మూత ఎత్తాడు.
పొగ.
పొగ విడ్డాక
ఆరు వంకాయలు.

ఎవరూ నవ్వలేదు, అది వాళ్ళ మంచితనం.
డారెల్ గొంతు సవరించుకుని
"ఎన్ని గంటలు పెట్టావ్?" అన్నాడు గౌరవంగా.
"నూట పది డిగ్రీల దగ్గర, మూడు" అన్నాడు ఈయన
అంతకంటే గౌరవంగా.

పచ్చిమిర్చీ చింతపండూ వేసి
ఇంగువ పోపు నేనే పెట్టాను.
బ్రెడ్డు మీద రాసుకు తిన్నారు.
గ్లెన్ గిన్నె అడుగు కూడా వదల్లేదు.
ఒప్పుకోవాలి, బాగుంది.
అంత ధరకి వంకాయ బాగోకపోతే ఎట్లా.

నన్నెవరూ అడగరు, నీ కొత్తదేదని.

నాకూ ఒకటుంది.
బూట్లు. చీలమండ దాకా వచ్చేవి, ఆవాల పువ్వు రంగు తాళ్ళు.
మార్చిలో కొన్నాను, ఆసుపత్రి డ్యూటీ దిగి
మెళ్ళో పేరు బిళ్ళ తీయకుండానే.
కారు డిక్కీలో, కూరగాయల సంచుల అడుగున ఉంటాయి.
నైట్ షిఫ్ట్ అయిన మంగళవారాలు
ఇంటికి రాకముందే టేబుల్‌టాప్ కొండ ఎక్కి దిగుతాను.
చివర్లో కాళ్ళు చాలవు, చేతులూ వాడాలి.
ఇప్పటికి తొమ్మిదిసార్లు.

చూపించుకోవాలని లేక కాదు.
మొన్న నడవాలో ఎర్రమట్టి చూసి
"ఎవరు తొక్కారిది?" అన్నాడు కామేశ్వర్.
నాలిక చివరిదాకా వచ్చింది
ధర, కంపెనీ, తడి రాయి మీద అడుగు పట్టు,
కొండ కొమ్మున నాకు ఆయాసం ఎంతసేపట్లో తగ్గుతుందో అన్నీ.
"గ్లెన్ అయ్యుంటాడు" అని
చీపురు తెచ్చాను.

పైన ఓసారి ఒక వాలబీ చూసింది నన్ను.
ముందు మొహం, ఆ తర్వాత కాళ్ళు.
కుడికాలు కాస్త ముందుకు పెట్టాను,
బాగా కనబడేట్టు.