క్యారియర్ అడుగు గిన్నె

పై గిన్నెలో చద్దన్నం, మజ్జిగ మిరపకాయలు.
మధ్య గిన్నెలో చింతచిగురు పప్పు.
అడుగు గిన్నెలో
పాత లుంగీముక్కలో చుట్టిన కెమెరా.

ఇరవై రెండేళ్లు పెళ్లిళ్లలో
నా మెడ వంచిన పెద్దదాన్ని
పొదలకూరు స్టూడియోలో అద్దాల బీరువాకి అప్పగించి
మద్రాసులో బేరమాడి తెచ్చుకున్నానిది, సెకండ్‌హ్యాండ్‌ది.
అరచేతిలో ఇమిడిపోతుంది గానీ
లోపల ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు,
పిట్ట కొంచెం కూత ఘనం.
ఆ కూత కూడా ఆపేశాను, షట్టర్ చప్పుడు లేకుండా.
కంపెనీ పేరు మీద నల్లటేపు,
ఎర్రలైటు మీద మా పాప గోళ్లరంగు చుక్క.
ఒకటే లెన్సు. ఊడదు. జూమ్ లేదు.
దూరం కావాలంటే వెనక్కి నడవాలి.
దగ్గర కావాలంటే
అడగాలి.

సైదాపురం దాటాక ఎక్కడో బస్సు నన్ను దించి
తన దుమ్ము నాకు తోడిచ్చి వెళ్లిపోయింది.
ఎక్కడో అంటే ఎక్కడో. గుంట పేరు చెప్పను.
ఎప్పుడో మూసేశామని కాగితాల్లో ఉన్న గుంట,
రాత్రిళ్లు లారీలకి మాత్రం దారి తెలిసిన గుంట.
అంచున నిలబడితే కాళ్లకింద కాకిబంగారం
పొరలు పొరలుగా విరుగుతూ
అప్పడం నమిలినట్టు చప్పుడు.
ఎండని ఎన్ని ముక్కలు చేయొచ్చో
అన్ని ముక్కలూ చేసి చల్లారక్కడ.
మీటరు తికమకపడింది. నేనూ.

ఆమె పేరు పెంచలమ్మ అనుకోండి.
ఈ చుట్టుపక్కల రాయి విసిరితే
ఎవరో ఒక పెంచలమ్మకి తగులుతుంది,
అందుకే ఆ పేరు వాడుకుంటున్నాను.
తట్టలోకి అభ్రకం ఏరుతోంది,
కమ్మ పోయిన చెవితూటులో వేపపుల్ల.
అడిగాను.
"ఈ అగ్గిపెట్టెతోనా?" అని నవ్వింది.
"తీసుకో అబ్బయా. మొకం బాగ పడాల."

ఆరు ఫోటోలయ్యాయి. ఏడోదానికి మోటారుసైకిలు చప్పుడు.
తలకి తువ్వాలు చుట్టిన మనిషి
స్టాండు వేయకుండానే అడిగాడు: "ఎవురీడు?"
లుంగీముక్క, గిన్నె, మూత, కొక్కెం.
తాళి కట్టే క్షణంలో కూడా
నా వేళ్లకి అంత వేగం రాలేదెప్పుడూ.
"మా ఆడబిడ్డ కొడుకు. అన్నం తెచ్చినాడు" అంది పెంచలమ్మ.
అతను పై గిన్నె తెరిచాడు. మధ్య గిన్నె తెరిచాడు.
పప్పు వేలితో నాకి
"ఉప్పు తక్కువ" అన్నాడు.
వెళ్లిపోయాడు.

రాత్రి గూడూరు లాడ్జిలో, ల్యాప్‌టాప్ ముందు
నీడల్ని పైకి లాగాను, కొంచెం కొంచెంగా.
నా కంటికి గుంటలో నల్లగా ఉన్నదంతా నలుపు కాదు.
ఒక నిచ్చెన, రెండు తట్టలు,
తట్టల పక్కన పదేళ్ల పిల్లాడు
తిన్నగా నావైపే చూస్తూ.
నేను వాణ్ని చూడలేదు. వాడు నన్ను చూశాడు.
పెంచలమ్మ మొహమైతే
చెవిలో పుల్ల చివర నలిగిన పీచు కూడా లెక్కపెట్టొచ్చు.

ప్రమాదమైన చోట్లకి చిన్న కెమెరా మంచిదని
అందరూ చెప్పేదే, నేనూ చెబుతాను:
బరువుండదు, కంటపడదు, పరిగెత్తొచ్చు.
పరిగెత్తేది మోసేవాడు.
ఫోటోలో ఉన్నవాళ్లు
ఉన్నచోటే ఉంటారు.

పత్రికాయన ఫోనులో "మొహాలు కావాలి" అన్నాడు.
చేతులు మాత్రం ఉంచి మిగతాది కత్తిరించాను.

నెల తర్వాత మళ్లీ అదే బస్సు.
పప్పులో ఈసారి ఉప్పు చూసి వేయించాను.
అడుగు గిన్నెలో కెమెరా బదులు
మడవకుండా పట్టేంత చిన్న ప్రింటు.
ఆమె కొంగుకి చేతులు తుడుచుకుని అందుకుంది.
తన చేతుల్ని చేతుల్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.
తిప్పి వెనకా చూసింది. తెల్లగా ఉంది.

"మొకం యాడ పెట్టినావబ్బయా?"

గుంట వైపు చూడకుండా నిలబడ్డాను.
బస్సుకి ఇంకా గంటన్నర ఉంది.