నీళ్ళు కొట్టేటోడు

కూలగొట్టుడు నా పని కాదు.
అది గుల్ జరీన్ మిషిన్ చేస్తది.
నేను పైపు పట్టుకొని నిలబడుత,
దుమ్ము లేవకుండ నీళ్ళు కొడుత.
ముహర్రక్ గల్లీల పక్కిండ్లోళ్ళు
బట్టలు ఆరేసుకున్నరు మరి.

ముత్యాల షావుకారు ఇల్లంట.
నూటిరువై ఏండ్లదంట.
సముద్రం అడుగు రాయి కోసుకొచ్చి
గచ్చు పూసి కట్టిండ్రంట.
ఈ అంటలన్నీ ఫోర్‌మన్ కుర్యన్‌వి.
తలుపు మొన్ననే పోయింది.
ఏదో హోటల్ల గోడకు ఆనిచ్చి పెడుతరు,
తీస్తే ఎనుక అర్ర ఉండదు.

మొదటి పూట నీళ్ళు పడంగనే
గోడ వాసనొచ్చింది.
వానకు లేచే మట్టివాసన కాదు,
చేపలబుట్ట కడిగినట్టు,
పాచి పట్టిన మోకు నానినట్టు.
ఇన్నేండ్లు ఎండల నిలబడి గూడ
రాయి తన ఊరు మర్వలే.
కాసేపు పైపు పక్కకు తిప్పిన.
కుర్యన్ ఈల ఊదిండు.

మీది అర్ర,
షావుకారోళ్ళు పోయినంక కూలోళ్ళకు కిరాయికిచ్చిందట.
సున్నం పెచ్చు ఊడితే కింద బొగ్గు రాతలు.
ఉర్దూ, మలయాళం,
ఒక మూలకు మన అక్షరాలు:
కోరుట్ల గంగనర్సు, ఎనభై ఆరు.
దాని కింద గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
మల్ల నాలుగు, మల్ల అడ్డం.
అప్పు లెక్కనో, నెలల లెక్కనో,
జవాబు రాని ఉత్తరాలో.
ఆఖరి గుంపుల మూడే ఉన్నయి.

గంగనర్సు ఎవలో నాకు తెల్వదు.
మాది కోరుట్ల గూడ కాదు, మెట్‌పల్లి అవుతల.
అయినా చెయ్యి లేపిన, ఆగుమని.
గుల్ జరీన్ ఇంజను బంద్ చేసి దిగిండు.
రాతల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు,
"నీ అన్ననా?" అన్నడు హిందీల.
కాదన్న.
అవునంటే ఇంకో నిమిషం దొరుకునేమో.
ఫోటో తీద్దామంటే
ఫోను క్యాంపుల చార్జింగుకు పెట్టొచ్చిన.

పొద్దు గూకెటాళ్ళకు మూడు లారీల ఇల్లు పోయింది.
ఆఫ్రికా నుంచొచ్చిన వాసాలు ఓ పక్కకు పేర్చిండ్రు,
వంకరటింకర, మనిషి చెయ్యంత లావు.
ఆ కట్టె ఎంత పొడుగో
ఆ కాలంల అర్ర అంతే ఎడల్పట.
రేపు పేపర్ల ఏస్తరట,
షావుకారు పేరు, ఆయన తాత పేరు,
వాళ్ళ పడవల పేర్లు సుత.

క్యాంపుకొచ్చి బూట్లు ఇప్పిన.
సాక్సుల తెల్ల పొడి, చిన్న గవ్వ పెంకు.
నా మంచం పక్క గోడ ప్లైవుడ్‌ది.
గోటితోని మూడు గీతలు గీకిన.
నాలుగోది గీకాల్నా వద్దా అని
లైటు బందయ్యేదాక
చూసుకుంట పన్న.