పదహారో పన్ను

బెండిగోలో జూలై ఆదివారం.
గరాజ్ తలుపు సగమే ఎత్తాను,
చలి మొత్తం వచ్చింది.

గేర్ లివర్ విప్పేముందు సుద్దముక్కతో గీత పెట్టుకున్నాను.
ఎక్కడ తీశానో నాకు గుర్తుండదని
నాకు బాగా గుర్తు.
కవరుకి మూడు బోల్టులు, ఒకటి పొడుగు.
దాన్ని విడిగా జేబులో వేసుకున్నాను.

కవరు ఊడొస్తే లోపల నల్లటి ముద్ద,
తారూ కాదు, మట్టీ కాదు,
అడుగంటిన గిన్నెలో మిగిలేది.
వంటింటి చెంచాతోనే గీకాను, ఇంట్లో చెప్పకండి.
నల్లదాని కింద ఎర్రది.
ఎర్రదాని కింద గోధుమ పొట్టు, రెండు ముక్కలు.
నా దగ్గరకొచ్చాక ఈ బండి
ఆసుపత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు.
ఈ ఎర్రమట్టి నాది కాదు.

రాస్ పాస్కోది.
ఈగిల్‌హాక్‌లో ఆయన భార్య లోర్నా తాళాలిస్తూ
"మిల్డూరా దాకా ఆగేవాడు కాదు" అంది.
అది నిష్ఠూరమో మురిపెమో తెలియలేదు.
నేను డబ్బు రెండుసార్లు లెక్కపెట్టాను.
ఆమె ఒక్కసారీ లెక్కపెట్టుకోలేదు.

నట్టు వెనక మడిచిన రేకుని ఉలితో లేపాను.
రెంచికి గొట్టం తగిలించి వేలాడాను.
గేరులో వేసినా చక్రం జారిపోతోంది,
నట్టు మాత్రం ఉలకదు, పలకదు.
ఇంట్లో ఉన్నది అత్తయ్య ఒక్కతే.

స్వెట్టర్ మీద స్వెట్టర్, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు,
బండికి అటుపక్క స్టూలు వేసుకుని
వెనక బ్రేకు మీద
కత్తిపీట తొక్కిపట్టినట్టు కాలేసింది.
"ఊఁ, కానీ."

మొదటిసారి నేను జారాను.
రెండోసారి గొట్టం జారింది.
మూడోసారి టప్‌మంది.
నా భుజమా, నట్టా?
ఇద్దరం మొహాలు చూసుకున్నాం.
నట్టే.

వెనక ఇరుసు వదులు చేసి, గొలుసు సడలించి
స్ప్రాకెట్‌ని ఇవతలికి లాగితే
అరచేతిలో చల్లటి బరువు.
పళ్ళన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి,
ఏడాది పొడుగునా ఒకే గాలి తిన్న తుప్పల్లా.

అత్తయ్య చెయ్యి చాపింది.
వాళ్ళ నాన్న అద్దంకి సంతలో గిత్తల్ని బేరమాడేవాడట,
పెదవి ఎత్తి చూసి వయసు చెప్పేవాడట.
ఇనుముకి పెదవి లేదు.
ఆవిడ బొటనవేలు
ఒక్కో పన్ను మీదా ఆగి ఆగి నడిచింది.
"పదహారు."
"పదిహేను అత్తయ్యా. పుస్తకంలో ఉంది."
"పుస్తకానికి నోరుందా? లెక్కపెట్టు."

గ్రీజు మరక దగ్గర మొదలెట్టి
మళ్ళీ మరక దగ్గరకొచ్చాను.
పదహారు.

ఒక పన్ను ఎక్కువ పెట్టుకున్నాడాయన.
దానివల్ల ఇంజను
వంద దగ్గర నింపాదిగా ఊపిరి తీస్తుంది,
తాడు పట్టి గీసినట్టుండే రోడ్డు మీద.
సిగ్నల్ దగ్గర మాత్రం మొరాయిస్తుంది.
మూడేళ్ళుగా ప్రతి ఎర్రదీపం దగ్గరా
బండి గునిసి గునిసి కదిలితే
నా క్లచ్చు చెయ్యే మొద్దు అనుకున్నాను.
కాదు.
అది ఇంకా మిల్డూరాకి బయల్దేరుతోంది.

కొత్తది నూనె కాగితంలో ఉంది,
పదిహేను పళ్ళు, ఒక్కటీ వంగలేదు.
కొట్టబ్బాయి ముందే చెప్పాడు:
పాత గొలుసు మీద కొత్త పళ్ళు వేస్తే
గొలుసు తన సాగిన కొలతే వాటికీ నేర్పుతుందని,
మూడూ ఒకేసారి మార్చమని.
జీతం రానీ అన్నాను.

తొడిగాను.
అత్తయ్య మళ్ళీ తొక్కిపట్టింది, బిగించాను,
రేకు అంచు సుత్తితో వంచాను.
సుద్దగీత ఎప్పుడో నా చేతికే చెరిగిపోయింది,
లివర్ ఒక గాడి కిందకి కూర్చుంది.
రేపు నా బూటు దాన్ని వెతుక్కుంటుంది.

పాతదాన్ని చెత్తబుట్టలో వెయ్యనివ్వలేదావిడ.
సింకు దగ్గర, అంట్ల సబ్బుతో,
ఒక్కో పన్ను సందూ తోముతూ
"ఇంతకీ ఆ మిల్డూరాలో ఏముందట?" అంది.

నాకు తెలీదు.
అడగాల్సిన రోజు
నేను డబ్బు లెక్కపెడుతున్నాను.